వసుమతి ఆఖరి పద్యం

నా ఏడుపు మా ఊళ్ళో ఎప్పుడు పడితే అప్పుడు వినబడుతుంది. పొద్దున్నే పాలకు పోతుంటే ఎవరింటి వసారాలోనో ఏడుస్తుంటాను. సాయంత్రం రొయ్యల గుంటల గట్టు మీద, నీళ్ళు చిలికే మోటార్ల రొదలో కలిసి ఏడుస్తుంటాను. బస్టాండులో బజ్జీలు తినే పిల్లకాయల చేతుల్లోనూ నేనే. ఇందులో దయ్యాలూ భూతాలూ ఏమీ లేవు. బళ్ళో పిల్లలకిచ్చిన ట్యాబుల్లో ఒక ఆట పెట్టారు. పద్యనాటకమంటే మొహం చిట్లించే ఈ కాలం పిల్లలకు దాని రుచి చూపించాలని చేసిన ఆట. పేరు 'తెర తీయండి'. అందులో రాణిని నేను. బొమ్మ నాది కాదు లెండి. ఆ సన్న నడుమూ ఆ కళ్ళూ ఎవరివో నాకు తెలియదు. గొంతు మాత్రం నాదే.

నా పేరు మస్తానమ్మ. అల్లూరులో ఉంటాం. మా ఆయన కామాక్షయ్య మా నాటక సమాజానికి పెద్ద, రాజు వేషం ఆయనది. రాణి వేషం నాది. హార్మోనియం హెన్రీది. ఆదివారం పొద్దున చర్చిలో వాయించి, అదే పెట్టె భుజాన వేసుకుని సాయంత్రానికి మా నాటకానికి వచ్చేవాడు. ఎన్ని నాటకాలు నేర్చుకున్నా జనం మమ్మల్ని పిలిచింది ఒక్కదానికే, 'వసుమతీ పరీక్ష'.

కథ చిన్నదే. ధర్మకేతు అనే రాజు ఇచ్చిన మాట తప్పలేక కన్నకొడుకును ఒక యక్షుడికి అప్పగిస్తాడు. అడవిలో కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని రాణి వసుమతి ఏడుస్తుంది. ఆఖరి రంగంలో దేవతలు దిగివచ్చి కొడుకును బతికించి, మాట తప్పని మహారాజువని ధర్మకేతు మీద పూలు చల్లుతారు. ఆ పూలు పడే ముందు వసుమతికి ఒక పద్యం ఉంది. దేవతల ఎదుటే మొగుణ్ణి నిలదీస్తుంది. మాట నీది కావచ్చు, బిడ్డ ఇద్దరిదీ కదా, నన్నడక్కుండా ఇవ్వడానికి నువ్వెవరివి అంటుంది.

ఆ పద్యం నేను స్టేజీ మీద ఒక్కసారి కూడా పాడలేదు. నమ్మండి, నమ్మకపోండి.

కారణం 'వన్స్ మోర్'. మా నాటకాల్లో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు. అరిస్తే మళ్ళీ పాడాల్సిందే. చచ్చినవాడైనా సరే లేచి, పద్యం పాడి, మళ్ళీ పడుకుని చావాల్సిందే. జనం అడగటం, హెన్రీ శ్రుతి అందుకోవటం, పెట్టె మోగాక నేను నోరు తెరవటం. అడవి రంగంలో నేను ఒళ్ళో శవాన్ని పెట్టుకుని అలా ఎన్నిసార్లు మొదటికి వచ్చేదాన్నో. ఆ ఏడుపు అయ్యేసరికి తూరుపు తెల్లబడేది. ఆడవాళ్ళు చాపలు చుట్టుకునేవాళ్ళు. అప్పుడు మా ఆయన స్టేజీ పక్క తెర, మేం రెక్క అంటాం, దాని పక్క నుంచి రెండు చేతులూ జోడించి సైగ చేసేవాడు. అంటే మంగళం పాడేయమని. జనం లేచిపోతున్నారు, బస్సు పోతుంది, జనరేటరులో నూనె అయిపోయింది. ప్రతిసారీ ఒక కారణం ఉండేది. అన్నీ నిజమైన కారణాలే, అదే నా కర్మ.

అసలు కారణం నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. మాకొక కొడుకు పుట్టాడు. పెంచలకృష్ణ. మా బావకూ తోడికోడలికీ పిల్లల్లేరు. వాళ్ళది చిల్లకూరు, కాస్త పొలమూ రోడ్డు పక్కన హోటలూ ఉన్నాయి. నేను దొరవారిసత్రంలో మరో సమాజం వాళ్ళకు రాణి వేషం కట్టడానికి పోయి ఇంటికొచ్చేసరికి ఉయ్యాల ఖాళీగా ఉంది. అన్నకు మాటిచ్చేశానన్నాడు మా ఆయన. తిరిగే బతుకు మనది, వాడక్కడ కడుపు నిండా తింటాడన్నాడు. తిన్నాడు కూడా, ఆ మాట కాదనను. ఇప్పుడు ఆ హోటలు వాడిదే. నన్ను చిన్నమ్మా అంటాడు, పండక్కి చీర పెడతాడు, చాలా మర్యాదగా ఉంటాడు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఉయ్యాల ఖాళీ అయిన వారంలోనే ఊళ్ళో మా 'వసుమతీ పరీక్ష' మొదటి ఆట పడింది. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు వేషం కాదు. జనానికి అదేం తెలుసు, వన్స్ మోర్ అన్నారు. మస్తానమ్మలా ఏడ్చేవాళ్ళు ఈ జిల్లాలోనే లేరని పేరొచ్చింది. ఆ పేరే నన్ను కట్టిపడేసింది. అప్పటి నుంచి ఆ అడవిలోంచి నన్నెవరూ బయటికి రానివ్వలేదు. ఇంట్లో మా ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు నేను. అడగాల్సినదంతా ఆ పద్యంలో ఉంది, అది పాడిన రోజు చాలనుకున్నాను.

ఇక ఆట సంగతి. కెజియా టీచరని మా హైస్కూల్లో తెలుగు చెబుతుంది. పద్యమంటే ప్రాణం ఆ పిల్లకు. క్లాసులో పద్యం మొదలుపెడితే పిల్లలు బెంచీల కింద దూరతారని బాధపడేది. ఆమె ఎవరెవరికో రాసి, తిరిగి, క్రాంతి కుమార్ అనే అబ్బాయిని పట్టుకొచ్చింది. చదువుకు పనికొచ్చే ఆటలు చేసే కంపెనీ అతనిది. మమ్మల్ని నెల్లూరు తీసుకుపోయి, గాలి కూడా దూరని గదిలో కూర్చోబెట్టి, నాటకమంతా పాడించుకున్నాడు. ఆఖరి రంగం వచ్చేసరికి మా ఆయన గొంతు సవరించుకుని, ఇది మేము ఆడము బాబూ వదిలెయ్ అన్నాడు. పుస్తకంలో ఉన్నదంతా కావాలన్నాడు క్రాంతి కుమార్. మా ఆయన మంచినీళ్ళు తాగి వస్తానని బయటికి పోయాడు. నేను పాడాను. అద్దం అవతల ఒక్క పిల్లవాడు, చెవులకు డిప్పలు పెట్టుకుని. వాడొక్కడే విన్నాడు. అయినా సరే, ఇక ఊరూరా పిల్లలు వింటారు కదా అని ఆ రాత్రి నాకు సంతోషంతో అన్నం సహించలేదు.

మీ నాటకాల ఆచారాలు ఏమైనా చెప్పండమ్మా, ఆటలో పెడతానని అతను అడిగితే వన్స్ మోర్ సంగతి చెప్పింది నేనూ హెన్రీనే. పోటీలు పడి మరీ చెప్పాం. అతను దాన్ని మీటగా పెట్టాడు. పద్యం వస్తుంటే తాళం తప్పకుండా తెర మీద వేలు కొట్టాలి. సరిగ్గా కొడితే చప్పట్లు వస్తాయి. వన్స్ మోర్ నొక్కి మళ్ళీ సరిగ్గా కొడితే చప్పట్లు రెట్టింపు. ఆ చప్పట్లతో కిరీటాలూ భుజకీర్తులూ కత్తులూ కొనుక్కోవచ్చు. అన్నిటికన్నా ఎక్కువ చప్పట్లు రాణి ఏడుపుకేనట. పిల్లలకు తెలివి తక్కువా? అందరూ అక్కడే తిష్ట వేశారు. అడవి దాటి ముందుకు పోయిన పిల్లకాయ ఒక్కడు లేడు. పోతే ఏముంది, అక్కడ చప్పట్లు లేవంట.

ఆఖరి రంగం చూశారా అని కనబడిన పిల్లనల్లా అడిగాను. ఆఖరి రంగం ఉందా అని నన్నే అడిగారు. సరే, నేనే పోయి చూస్తానని పక్కింటి పిల్ల క్యాథరిన్ దగ్గర ట్యాబు తీసుకుని కూర్చున్నాను. తొమ్మిదో తరగతి చదువుతుంది, గడుసుపిల్ల. నా పద్యానికి నేనే తాళం వేశాను. 'తాళం తప్పింది, మళ్ళీ ప్రయత్నించండి' అంది ఆట. మళ్ళీ వేశాను, మళ్ళీ అదే మాట. నేను ఏ రోజూ ఒక పద్యాన్ని రెండుసార్లు ఒకేలా పాడి ఎరగను. ఇక్కడ లాగుతాను, అక్కడ ఆపుతాను, కడుపులో ఏముంటే అది. ఆ ట్యాబులోని మస్తానమ్మకు కడుపు లేదు, ఒకటే కొలత. సాయంత్రం దాకా కొట్టినా నా అడవి నేను దాటలేకపోయాను. క్యాథరిన్ నవ్వలేక చచ్చింది. నేను మాత్రం ఇంటికొచ్చి, తలుపేసుకుని ఏడ్చాను. ఆ ఏడుపుకు ఎవరూ వన్స్ మోర్ అనలేదు.

కెజియా టీచరు సంబరం వేరు. పద్యమంటే పారిపోయే పిల్లలు ఇప్పుడు సైకిళ్ళ మీద పద్యం పాడుకుంటూ వస్తున్నారని ఊరంతా చెప్పుకుంది. వార్షికోత్సవానికి అసలు నాటకమే ఆడించాలని మా ఇంటికొచ్చింది. అప్పటికి నా గొంతు బాగా లేదు. లోపల కాయలు కాశాయని, కోసి తీయాలని, ఆ తర్వాత పై స్థాయి అందుతుందని చెప్పలేమని నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఈలోగా పెద్దగా మాట్లాడను కూడా వద్దన్నాడు. మిగిలింది ఒక్క పద్యానికి సరిపడా గొంతు. అదెక్కడ ఖర్చు పెట్టాలో నాకు బాగా తెలుసు.

ఆడతాను, కానీ ఆఖరి రంగం ఉండాలన్నాను టీచరుతో. ఆమె సరేనంది. మా ఆయన పైకప్పు వైపు చూశాడు. హెన్రీని పక్కకు పిలిచి, అడవిలో ఏడుపు ఒక్కసారే, వాళ్ళు ఎంత అరిచినా నువ్వు శ్రుతి అందుకోవద్దని గట్టిగా చెప్పాను.

"అట్నే అక్కా," అన్నాడు హెన్రీ. "నువ్వు చెప్పినాక నేనెందుకు వాయిస్తా?"

పట్టపగలు నాటకమేమిటో నాకు తెలియదు. మూడు గంటల ఎండలో, షామియానా కింద, మొహాన అద్దిన రంగు చెమటకు కారి మెడలోకి దిగుతోంది. సముద్రం గాలి కోసం తెరలు ఎత్తి కట్టారు. బడి పిల్లలంతా ట్యాబులు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నారు, వెనక కుర్చీల్లో వాళ్ళ అమ్మానాన్నలు. చచ్చిన రాజకుమారుడి వేషం క్యాథరిన్‌ది. తల నా ఒళ్ళో పెట్టుకుని పడుకుని, కళ్ళు మూసుకోకుండా నావైపే చూస్తోంది.

హెన్రీ శ్రుతి పట్టాడు. నేను 'లేవరా నా తండ్రీ' అని ఎత్తుకున్నానో లేదో, స్టేజీ కింద కూర్చున్న పిల్లలందరూ నాతో పాటు ఎత్తుకున్నారు. అంతమందీ. మొదట నాకు కడుపు నిండినట్టయింది, అబద్ధమెందుకు. నా జన్మలో పిల్లలు పద్యం పాడగా వినలేదు. తర్వాత తెలిసింది సంగతి. గొంతు దాచుకుందామని నేను ఒక చోట కిందికి దించబోతే వాళ్ళు పైకి లాగారు. తొందరగా ముగిద్దామంటే వాళ్ళు సాగదీశారు. వాళ్ళు పాడేది ట్యాబులో ఉన్న మస్తానమ్మను. ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ వెక్కిళ్ళు పెట్టాలో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. నన్ను ముందుకు పోనివ్వరు, వెనక్కు తగ్గనివ్వరు. చెరువు మధ్యలో తామర తీగలు కాళ్ళకు చుట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

ఎలాగో ముగించాను. గొంతు ఇంకా ఉంది. ఉప్పు నీళ్ళు మింగినట్టు మంట, కానీ ఉంది.

"వన్స్ మోర్," అన్నారు పిల్లలు.

హెన్రీ వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆగాయి. వాడు నావైపు చూడలేదు, రెక్క పక్కకు చూశాడు. అక్కడ మా ఆయన కిరీటం చంకన పెట్టుకుని, టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఖాళీ చేతి వేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు. మళ్ళీ, అని. హెన్రీ శ్రుతి అందుకున్నాడు.

ఇన్నేళ్ళూ నేను హెన్రీని తిట్టుకున్నాను, జనాన్ని తిట్టుకున్నాను. కూర్చున్న చోటు నుంచి ఆ వేలు నాకెప్పుడూ కనబడలేదు. చీకటి నాటకాల్లో రెక్క పక్క ఏం కనబడుతుంది? పట్టపగలు కాబట్టి కనబడింది. తెల్లారేదాకా నన్ను ఏడిపించి, తెల్లారింది కాబట్టి మంగళం పాడించిన వేలు అది. పెట్టె మోగాక పాడకుండా ఉండటం నాకు చేతకాదు, ఎద్దుకు కాడి అలవాటైనట్టు. పాడాను. రెండోసారి చివర గొంతు జీరబోయింది. పిల్లలు మళ్ళీ అరిచారు, వేలు మళ్ళీ తిరిగింది. మూడోసారి పైస్థాయిలో గొంతు లోపల ఏదో చినిగింది.

"అవ్వా, చాల్లే, మీకు చాతకాలా," అంది క్యాథరిన్ కింద నుంచి, పెదాలు కదలకుండా.

రెక్క వైపు చూశాను. ఈసారి మా ఆయన వేలు తిప్పలేదు. కిరీటం కింద పెట్టి, టీ గ్లాసుతోనే రెండు చేతులూ జోడించాడు. మంగళం.

నేను క్యాథరిన్ తల ఒళ్ళోంచి దించి లేచాను. నేరుగా రెక్క దగ్గరికి నడిచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. టీ ఆయన పట్టుపంచె మీద ఒలికింది. ఏందిది, ఏందిది మే అంటున్నాడు. కిరీటం లేని రాజును స్టేజీ నడుమకు ఈడ్చుకొచ్చి నిలబెట్టి, శ్రుతి లేకుండానే ఆఖరి పద్యం ఎత్తుకున్నాను.

మొదటి పాదం వచ్చింది. రెండోది సగం వచ్చింది. తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. ఇన్నేళ్ళు దాచుకున్న పద్యం నోటి దాకా వచ్చి గాలిగా పోతోంది. నాకు మీద పడి రక్కాలన్నంత కోపం వచ్చింది, ఎవరి మీదో కూడా తెలియని కోపం. మిగిలిన గొంతంతా కూడగట్టుకుని, పద్యం వదిలేసి, మామూలుగా అడిగాను.

"నన్నడక్కుండా నా బిడ్డను ఇచ్చేదానికి నువ్వెవురయ్యా?"

ఆ మాటతో నా గొంతు అయిపోయింది. మైకు దగ్గరే ఉంది కాబట్టి ఆ బొంగురు మాట వెనక కుర్చీల దాకా పోయింది. పిల్లలు పాడలేదు. ఇది వాళ్ళకు రాదు. ఎప్పుడూ వినలేదు. ట్యాబులు పక్కన పెట్టి, మెడలు చాచి చూస్తున్నారు. పూలు చల్లాల్సిన పిల్లలు బుట్టలు పట్టుకుని ఎప్పుడు చల్లాలో తెలియక నిలబడిపోయారు. మా ఆయన హెన్రీ వైపు తిరిగి మంగళం అందుకోమని కళ్ళతో బతిమాలాడు. హెన్రీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

క్యాథరిన్ చచ్చిన రాజకుమారుడి సంగతి మరిచిపోయి లేచి కూర్చుంది. "రాజేం చెప్పినాడు?" అంది, నన్ను కాదు, ఆయన్నే.

పుస్తకంలో రాజుకు అక్కడ మాటే లేదు. రాసినాయన పూలు చల్లించేసి తప్పించుకున్నాడు. ముందు వరసలో పిల్లలు కూడా, రాజేం చెప్పినాడు, చెప్పండి అని మొదలుపెట్టారు. మా ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక పక్క నేను, ఒక పక్క హెన్రీ, ఎదురుగా ఊరి పిల్లలంతా. వందల పద్యాలు నోటికి వచ్చిన మనిషి. చివరికి నోరు తెరిచాడు. రాజు గొంతు కాదు అది, మా ఇంట్లో గొంతు.

"నిన్ను అడిగుంటే నువ్వు ఇచ్చుండవు మే."

అని తల దించుకున్నాడు. అంతే. ఇంకేమీ లేదు ఆయన దగ్గర. ఇన్నేళ్ళూ నేను ఏవేవో జవాబులు ఊహించుకున్నాను. అన్న మాట కాదనలేకపోయానంటాడనుకున్నాను, బిడ్డ బాగు కోసమంటాడనుకున్నాను. ఇంత నిజం చెబుతాడనుకోలేదు. అక్కడే కూర్చుండిపోయాను.

పిల్లలకు ఇదంతా నాటకమే. రాజు కళ్ళలో నీళ్ళు చూసి చప్పట్లు కొట్టారు. అడవి రంగానికి కూడా అంత కొట్టలేదు. కెజియా టీచరు కూడా కళ్ళు తుడుచుకుంటూ కొడుతోంది. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు.

"వన్స్ మోర్!"

మా ఆయనకు ఆచారం నాకంటే బాగా తెలుసు. కొత్తవాళ్ళకు నేర్పింది ఆయనే. తల ఎత్తి, అదే మాట మళ్ళీ చెప్పాడు. ఈసారి మాట మధ్యలో తెగింది. పిల్లలు మళ్ళీ అడిగారు. హెన్రీ సన్నగా శ్రుతి పట్టాడు.

ఆయన నావైపు చూశాడు. ఇక చాలని నేను జనానికి చెబుతానేమోనని. నాకు గొంతు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.